పచ్చిక కింద దాగిన పరిజ్ఞానం

2015 నవంబరులో బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో భారత్, దక్షిణాఫ్రికా టెస్టు ఒక్కరోజే సాగింది. మిగతా నాలుగు రోజులూ వాన పాలయ్యాయి. 2017లో అదే మైదానానికి సబ్‌ఎయిర్ వ్యవస్థ వచ్చింది. ప్రపంచంలో దీన్ని అమర్చుకున్న తొలి క్రికెట్ స్టేడియం ఇదే.

దాని పనితీరు ఇదీ. పచ్చిక కింద నీటిని పట్టి ఉంచే బంకమట్టికి బదులు ఇసుక పొర, అడుగున చిల్లుల గొట్టాలు ఉంటాయి. యంత్రాలు గొట్టాల్లోంచి గాలిని లాగుతుంటే, పైన నిలిచిన నీరు దానంతటది ఇంకేదానికన్నా చాలా వేగంగా దిగిపోతుంది. అయితే వాన తెరిపి ఇవ్వాలి. 2024 అక్టోబరులో న్యూజిలాండ్‌తో టెస్టు తొలిరోజు ఇక్కడే ఒక్క బంతీ పడలేదు.

మైదానాల పచ్చిక సంరక్షణలో అసలు మలుపు 1830 నాటిది. ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంట్ పొందాడు. అంతకుముందు కొడవళ్లు, గొర్రెల మందలే దిక్కు.

1966లో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో కృత్రిమ పచ్చిక పరిచారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ తొలిసారి దానిపై ఆడారు. అక్కడ భారత్‌కు దక్కింది 7వ స్థానం. మట్టి, గడ్డి మైదానాల్లో పెరిగిన మన ఆటగాళ్లకు అది గట్టి దెబ్బే.

ఇప్పుడు సహజ గడ్డిలో కృత్రిమ పోగులు కుట్టే హైబ్రిడ్ పద్ధతి నడుస్తోంది. దేశంలో తొలి హైబ్రిడ్ క్రికెట్ పిచ్ 2024లో ధర్మశాలలో ప్రారంభమైంది.