ఏడిళ్లు తిరిగే పిల్లికి ఒక ఇల్లు

పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. వీధి నుంచి షెల్టర్‌కి చేరిన పిల్లికి స్థిరంగా ఒక్క ఇల్లు చూపించడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుసు. బైపీసీ చదువుతూ ‘జంతువులంటే ప్రాణం, కానీ దారి తెలియదు’ అనే పిల్లలకు ఈ పనిని దగ్గరగా చూడమని చెబుతాను.

ఇల్లు వెతికే ముందు పిల్లికి జబ్బులున్నాయేమో చూడాలి. ఒక వైరస్ వల్ల పిల్లులకు వచ్చే ఫెలైన్ లుకేమియా సంగతే తీసుకోండి. ఈ వైరస్‌ను 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం గుర్తించింది. ముఖ్యంగా ఎంగిలి ద్వారా పాకుతుంది: ఒకదాన్నొకటి నాక్కోవడం, ఒకే గిన్నెలో తినడం, కాట్లు. తల్లి నుంచి కూనలకూ వస్తుంది. మనుషులకు సోకదు. పరీక్షకు కొన్ని చుక్కల రక్తం చాలు. అందులో పి27 అనే వైరస్ ప్రోటీన్ ఉందో లేదో పది నిమిషాల్లో కిట్ చెప్పేస్తుంది.

అయితే కిట్ చెప్పింది అర్థం చేసుకోవడానికే చదువు కావాలి. వైరస్ కొత్తగా సోకిన పిల్లిలో ఆ ప్రోటీన్ ఇంకా కనబడకపోవచ్చు. అందుకే అనుమానం ఉంటే, నెగెటివ్ వచ్చినా కనీసం 30 రోజులు ఆగి మళ్లీ చూస్తారు. పాజిటివ్ వస్తే పీసీఆర్ లాంటి పరీక్షతో సరిచూసుకుంటారు. కొన్ని పిల్లులు వైరస్‌ను అణచిపెట్టి ఏళ్ల తరబడి ఆరోగ్యంగా బతుకుతాయి. ఒక్క కిట్ చూసి ప్రాణం తీయడం ఘోరమని నా అభిప్రాయం.

ఈ నిర్ణయాలు తీసుకునే స్థానంలో ఉండాలంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అనే పశువైద్య డిగ్రీ చదవాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, రాజేంద్రనగర్‌లో పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ల్యాబ్ పని ఇష్టమైతే ఆ తర్వాత మైక్రోబయాలజీలోనో పాథాలజీలోనో ఎంవీఎస్సీ చేయొచ్చు. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది కానీ, అందులో పాడి పశువులకే పెద్దపీట.

పిల్లికి ఇల్లు వెతికిపెట్టే దత్తత కౌన్సెలింగ్‌కు మాత్రం డిగ్రీ కన్నా మాట ముఖ్యం. ‘ఇంట్లో వేరే పిల్లి ఉందా అండీ? దీన్ని బయటికి వదులుతారా? జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు పెట్టుకోగలరా?’ అని మొహమాటపడకుండా అడగాలి. పాజిటివ్ పిల్లి గడప దాటకూడదు. ఆ ఇంట్లో అదొక్కటే ఉండాలి, లేదా తోటి పిల్లులూ పాజిటివే కావాలి. జబ్బు సంగతి దాచి అంటగడితే పాత పిల్లికీ ముప్పే, నమ్మి తీసుకెళ్లినవాళ్లకూ క్షోభే. అన్నీ విన్నాక కూడా ‘మేం తీసుకెళ్తాం’ అనేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం ఓపికగా వెతకడమే ఈ ఉద్యోగం. జీతాల మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. చాలాచోట్ల ఇది స్వచ్ఛంద సేవగానే మొదలవుతుంది.

ఈ సెలవుల్లోనే మీ ఊరికి దగ్గర్లోని షెల్టర్‌కి వెళ్లి పని అడగండి. మొదటి రోజు గిన్నెలు తోమమంటారేమో, చిన్నబుచ్చుకోకండి. సబ్బునీళ్లకు ఈ వైరస్ నిలవదు. ఏ గిన్నె ఏ బోనుదో గుర్తుపెట్టుకుని, దేని గిన్నె దానికే పెట్టండి.