చిన్నాకి, ల్యాప్‌టాప్ కొనేముందు

సికింద్రాబాద్,
మంగళవారం రాత్రి.

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు లింకులూ చూశాను. "అత్తా, ఈ మూడింట్లో ఏది?" అని అడిగావు. ఒక్క మాటలో తేలేదైతే ఫోన్‌లోనే చెప్పేసేదాన్ని. మీ నాన్న చీటీ పాడి 80,000 నీ చేతిలో పెడుతున్నాడు. వచ్చే నెల నుంచి నీ జీతం నీకొస్తుంది, నిజమే. కానీ హాస్టల్ ఖర్చులూ, ఇంటికి పంపేదీ పోగా ఇంత డబ్బు మళ్లీ ఒకచోట చేరాలంటే ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఆఫీసువాళ్లు ఎలాగూ ల్యాప్‌టాప్ ఇస్తారు, ఇంకోటి దండగ అని వదిన అంటోందట. ఆవిడకి నేను చెప్తాలే. ఆఫీసు మెషీన్ ఆఫీసుదే. అందులో నువ్వేం వేసుకున్నా వాళ్లకి కనబడుతుంది. సెలవురోజున నీ సొంత ప్రాజెక్టు దాంట్లో రాస్తే ఆ కోడ్ ఎవరిదన్న పేచీ రేపు రావచ్చు. చేరేరోజు ఇచ్చే కాగితాల్లో దాని గురించి షరతు ఉంటుంది, చదవకుండా సంతకం పెట్టకు. మా టీమ్‌లో ఒక కుర్రాడు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో గేమ్ వేసుకుని, చేరి మూడు నెలలు కాకుండానే సెక్యూరిటీ వాళ్లకి సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చింది. కొత్తవి నేర్చుకోవడానికీ, ఆడుకోవడానికీ, ఉద్యోగం మారాలనిపిస్తే ప్రిపేర్ అవడానికీ నీదంటూ ఒకటి ఉండాలి.

కొన్నాక మార్చుకోగలిగేవి కొన్ని, మార్చుకోవడం దాదాపు కుదరనివి కొన్ని ఉంటాయి. నేను చెప్పదలుచుకున్నదంతా దీని చుట్టూనే. ఎస్‌ఎస్‌డీ నిండిపోతే పెద్దది వేయించుకోవచ్చు. బ్యాటరీ అరిగిపోతే కొత్తది వేయించుకోవచ్చు. స్క్రీన్, కీబోర్డు, ప్రాసెసర్, లోపల వేడి బయటికిపోయే ఏర్పాటు, బోర్డుకి అతికించేసిన ర్యామ్, ఇవి మాత్రం ఎలా వచ్చినవి అలాగే ఉంటాయి. నీ డబ్బు ముందు వీటికి పెట్టు.

ఇది నాకెలా తెలిసిందో చెప్తాను. 2017లో నేనొక సన్నటి ల్యాప్‌టాప్ కొన్నాను. చేతిలో పట్టుకుంటే పుస్తకంలా ఉండేది. 8 జీబీ ర్యామ్. అప్పటికి చాలింది, చాలకపోతే ఇంకో 8 వేయించుకుందాంలే అనుకున్నాను. మూడేళ్లు తిరిగేసరికి డాకర్, కోడ్ ఎడిటర్, బ్రౌజర్లో పాతిక ట్యాబులు, పైన వీడియో మీటింగు, అన్నీ కలిసి మౌస్ కదిలిస్తే బాణం గుర్తు కాసేపాగి కదిలేది. పార్క్‌లేన్‌లో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్లాను. ఆ అబ్బాయి చిన్న చిన్న స్క్రూలు ఒక్కొక్కటే తీసి అయస్కాంతం ఉన్న పళ్లెంలో పేర్చాడు. ప్లాస్టిక్ కార్డు ముక్క అంచులో దోపి అడుగు రేకు టక్ టక్ మంటూ లేపాడు. టార్చి వేసి చూసి, మెషీన్ నా వైపు తిప్పాడు. "మేడమ్, స్లాటే లేదు" అన్నాడు. నల్లటి చిప్పులు నాలుగు, బోర్డుకి సోల్డర్ చేసేసి ఉన్నాయి. అంత డబ్బు పోసిన మెషీన్, మిగతా అన్నీ బాగానే ఉండగా, ఆ ఒక్కదాని వల్ల సగం ధరకి కూడా పోలేదు. చాలా రోజులు బాధపడ్డాను.

అందుకని ర్యామ్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టు. సాఫ్ట్‌వేర్ పని చేసేవాడికి ఇవాళ 16 జీబీ కంటే తక్కువ అసలు చూడకు. విండోస్‌లో లినక్స్ వాడుకోవడానికి డబ్ల్యూఎస్‌ఎల్ అని ఉంటుంది కదా, అది అడ్డు చెప్పకపోతే మొత్తం ర్యామ్‌లో సగం దాకా వాడేసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ తెరిస్తే ఇంకొన్ని జీబీలు పోతాయి. స్పెసిఫికేషన్లలో ర్యామ్ పక్కన ఏం రాశారో చూడు. ఎల్‌పీడీడీఆర్5 అనో, ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ అనో ఉంటే దాదాపుగా అది సోల్డర్ చేసిందే. అలాంటిది కొంటే ఇప్పుడే ఎక్కువ ఉన్నది కొనాలి. ఉత్త డీడీఆర్5 అని ఉంటే సాధారణంగా స్లాట్లు ఉంటాయి. అయినా "ఎన్ని స్లాట్లు, ఎన్ని ఖాళీ" అని అడిగి, బిల్లు వేయకముందే జవాబు తెప్పించుకో.

ఇక్కడొక మెలిక ఉంది. షాపువాళ్లు దీని గురించి చెప్పరు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గేమ్ బొమ్మలన్నీ ప్రాసెసర్లో ఉన్న గ్రాఫిక్సే గీస్తుంది. దానికి సొంత మెమరీ లేదు, ఈ ర్యామే వాడుకుంటుంది. ఒకే 16 జీబీ ర్యామ్ స్టిక్ ఉంటే డేటాకి ఒకే దారి. రెండు 8 జీబీ స్టిక్‌లుంటే రెండు దారులు, గేమ్ స్పీడులో ఆ తేడా కంటికి కనబడుతుంది. కార్డు లేనిది కొంటే మాత్రం రెండు స్లాట్లలోనూ ర్యామ్ ఉన్నదే తీసుకో. కార్డున్నది కొంటే ఒకే స్టిక్‌తో వచ్చి ఒక స్లాటు ఖాళీగా ఉన్నా పర్వాలేదు, తర్వాత నింపుకోవచ్చు. 2025 చివరి నుంచి చిప్పులు డేటా సెంటర్ల వైపు పోతుండటంతో ర్యామ్ ధర బాగా పెరిగింది. ఖాళీ స్లాటుంటే ధర దిగేదాకా ఆగొచ్చు.

గేమింగ్ సంగతికి వద్దాం. "లైట్ గేమింగ్" అని రాశావు. ఆ మాట ఒక్కొక్కళ్లకి ఒక్కోలా ఉంటుంది. నువ్వొక పని చెయ్యి. గత ఆరు నెలల్లో నిజంగా ఆడిన గేముల పేర్లు ఒక కాగితం మీద రాయి. ఆడాలనుకున్నవి కాదు, ఆడినవి. మొన్న సంక్రాంతికి నేను చూసినంతలో నువ్వూ నీ ఫ్రెండ్సూ చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని వాలరెంట్, అది కాకపోతే కౌంటర్‌స్ట్రైక్. ఆ రెండే అయితే నీకు కార్డు అక్కర్లేదు. రైజెన్ 7 8845హెచ్ఎస్‌లో వచ్చే రేడియాన్ 780ఎం లాంటిది, లేదంటే ఇంటెల్ కోర్ అల్ట్రాల్లో ఆర్క్ గ్రాఫిక్స్ ఉన్నది చాలు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సైబర్‌పంక్ లాంటివి ఆ కాగితంలో ఉంటే మాట వేరు. అప్పుడు ఆర్‌టీఎక్స్ 4050 స్థాయి కార్డు, 6 జీబీ సొంత మెమరీతో, చూడు.

కార్డు కొనేటప్పుడు పేరొక్కటే చూసి మోసపోకు. ఆర్‌టీఎక్స్ 4050 అని రాసి ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు ఒకేలా ఆడవు. ఆ కార్డుకి కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా తమకి వీలైనంత కరెంటు కేటాయిస్తాయి. సన్నటి బాడీలో పెట్టినదానికి తక్కువ వాట్లు, అంటే తక్కువ స్పీడు. స్పెసిఫికేషన్లలో చిన్న అక్షరాల్లో టీజీపీ అని ఉంటుంది, ఆ అంకె వెతుకు. నీ రెండో లింకులో ఆ అంకె ఎక్కడా కనబడలేదు.

నీ మూడో లింకు తీసెయ్. అందులో ఉన్నది రైజెన్ 5 7520యూ. మొదటి అంకె 7 చూసి కొత్తదనుకున్నావు. ఆ వరుసలో లోపలి డిజైన్ ఏ కాలంనాటిదో చెప్పేది మూడో అంకె. అక్కడ 2 అంటే జెన్ 2, 2019లో వచ్చిన డిజైను, నాలుగే కోర్లు. దాని పక్కనే ఉండే 7530యూ చూడు, మూడో అంకె 3, జెన్ 3, ఆరు కోర్లు. పేర్లలో తేడా ఒక్క అంకె, కోడ్ కంపైల్ చేసేటప్పుడు ఆ తేడా రోజూ తెలుస్తుంది. 7520యూకి ర్యామ్ కూడా సోల్డర్ చేసే రకమే వస్తుంది.

మ్యాక్‌బుక్ ఎయిర్ ఎందుకు వద్దని కూడా అడిగావు. నేను వద్దనడం లేదు. 2020లో ఎం1 వచ్చిన దగ్గర్నుంచి అందులో ఫ్యానే లేదు, చప్పుడుండదు, బ్యాటరీ రోజంతా వస్తుంది. ఐఫోన్ యాప్‌లు రాయాలంటే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లోనే నడుస్తుంది కాబట్టి వేరే దారి లేదు. నీ పని జావా, ఫ్రెండ్స్‌తో ఆడేది వాలరెంట్. మ్యాక్‌లో వాలరెంట్ లేదు, కౌంటర్‌స్ట్రైక్ 2 కూడా లేదు. ఎంత బాగున్నా అది నీకు కుదరదు.

విండోస్ మెషీన్‌లో పక్కన ఉబుంటు వేసుకుంటావని నాకు తెలుసు. వేసుకో. సెక్యూర్ బూట్ మాత్రం ఆపేయకు. విండోస్ 11లో వాలరెంట్‌కి అది ఆన్‌లో ఉండాలి. ఉబుంటు దానితో పాటే నడుస్తుంది.

వేడి గురించి ఎవరూ ఆలోచించరు గానీ మన ఎండలకి అదే పెద్ద విషయం. మీ మామయ్య ల్యాప్‌టాప్ పరుపు మీద పెట్టుకుని సినిమాలు చూసేవాడు. రెండేళ్లకి అది జెట్ విమానంలా అరవడం మొదలుపెట్టింది, పది నిమిషాలు వాడితే నెమ్మదించిపోయేది. ఆ పార్క్‌లేన్ షాపు అబ్బాయే విప్పి, ఫ్యానుకీ రాగి రేకులకీ మధ్య నుంచి ట్వీజర్‌తో ఒక పొర లాగాడు. బూడిదరంగు దుమ్ము, దూది కలిసి నెయ్యి వడకట్టే గుడ్డలాగా, చెక్కుచెదరకుండా ఒకే ముక్కగా వచ్చింది. గాలి వెళ్లే దారి పూర్తిగా మూసుకుపోయింది. వేడి పెరిగితే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. అందుకే కొనేటప్పుడే అడుగున జాలీ ఎంత ఉంది, వేడిగాలి ఎటు పోతోంది చూడు. హాస్టల్లో మంచం మీద కూర్చుని వాడతావు కాబట్టి ఒక పరీక్ష అట్ట కొనుక్కుని దాని మీద పెట్టు. ఒకే గదిలో ముగ్గురుంటారు. రాత్రి పన్నెండింటికి నువ్వు గేమ్ ఆడుతుంటే ఫ్యాన్ల హోరుకి పక్కవాడికి నిద్ర పట్టదు. కార్డు వద్దనడానికి నాకిది కూడా ఒక కారణం.

స్క్రీన్ మాత్రం లింకులో చూసి తేల్చుకోకు. నా తమ్ముడి పెళ్లి ఫోటో ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, పోయిన ఏడాది మా కొలీగ్ ఒకమ్మాయితో షాపుకి వెళ్లాను. పక్కపక్కనే ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లలో అదే ఫోటో తెరిచాం. ఒకదాంట్లో పెళ్లికూతురి చీర కుంకుమ రంగు. రెండోదాంట్లో ఇటుక రంగు, తలుపు పక్కన నిలబడి చూస్తే అదీ తెల్లబడింది. ఆ రెండోది రంగుల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, వెలుతురులో 250 నిట్స్. ఆ రెండింటి ధరలో ఉన్న తేడాకి ఇదే పెద్ద కారణం. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 300 నిట్స్‌కి తగ్గకుండా తీసుకో. రోజుకి పది గంటలు ఆఫీసు స్క్రీన్ చూసొచ్చి మళ్లీ దీన్నే చూడాలి నువ్వు. నిలువు కాస్త ఎక్కువుండే 16:10 స్క్రీన్ దొరికితే వదలకు, కోడ్ నాలుగు లైన్లు ఎక్కువ కనబడతాయి.

కీబోర్డు మీద అక్కడే నిలబడి ఒక పేజీ టైప్ చెయ్యి. యారో కీలు వేలికి తగులుతున్నాయా, హోమ్, ఎండ్ కీలు విడిగా ఉన్నాయా చూడు. షాపువాళ్లు చిరాకుపడినా సరే.

ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చాలు, రెండో ఎం.2 స్లాటు ఉందో లేదో మాత్రం కనుక్కో. బ్యాటరీకి "గంటలు" అని రాసినవి నమ్మకు, వాట్-అవర్లు చూడు. మామూలు పనికి సుమారు 10 వాట్లు తాగే మెషీన్‌లో 50 వాట్-అవర్ల బ్యాటరీ ఐదు గంటలొస్తుంది, గేమ్ ఆడితే గంటా గంటన్నర. యూఎస్‌బీ-సీతో ఛార్జ్ అయ్యేదైతే ఇంటికి తెనాలి వెళ్లేటప్పుడు ఇటుకంత అడాప్టర్ మోయక్కర్లేదు.

డబ్బు విషయం. నో-కాస్ట్ ఈఎంఐ అంటారు, వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, ప్రాసెసింగ్ ఫీజు మన మీదే పడతాయి. నాన్న రొక్కం ఇస్తున్నాడు, ఈఎంఐ జోలికి పోకు. 80,000 మొత్తం మెషీన్ మీద పెట్టేయకు. 70,000 దాటకుండా చూసుకుని, మిగిలినదాంట్లో ఒక ఏడాది వారంటీ పొడిగింపు, పడినా నీళ్లు ఒలికినా వర్తించేది, తీసుకో. మన తెనాలి పిన్‌కోడ్‌కి ఇంటికొచ్చి బాగుచేస్తారా అని ముందే అడుగు. అడుగు రేకు మనం విప్పితే వారంటీ పోతుందా అన్నది కూడా కంపెనీ మెయిల్‌లో రాయించుకో, నోటిమాట వద్దు. షాపులోంచి బయటికి రాకముందే సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి, వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడాలి. డిస్‌ప్లేలో పెట్టిన మెషీన్లని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేస్తుంటారు.

వచ్చే శనివారం నాకు సెలవు. నువ్వు దుర్గం చెరువు దగ్గర హాస్టల్ చూసుకోవడానికి శుక్రవారం వస్తున్నావు కదా. మర్నాడు పదింటికి అక్కడే మెట్రో ఎక్కు, మారక్కర్లేదు, తిన్నగా పారడైజ్ స్టేషన్‌లో దిగు. అక్కడినుంచి సీటీసీలో కంప్యూటర్ షాపులకి నడిచిపోదాం. ఆ గేముల కాగితం మర్చిపోకు. వస్తూ వస్తూ పెన్‌డ్రైవ్‌లో మీ అమ్మా నాన్నల పెళ్లి ఫోటో కూడా వేసుకురా, అమ్మ కట్టుకున్న ఆ ఎర్ర చీర ఫోటో.

అత్త