వంటచెఱకు: దాని యెంపికయు, సిద్ధపఱచుటయు

గ్రామములలో గ్యాసుపొయ్యిలు ప్రవేశించినను, నీళ్లు కాఁచు పొయ్యికిని, పాలు కాఁగు దాలికిని, పెండ్లిండ్ల గాడిపొయ్యికిని కట్టెలు, పిడకలు నేఁటికిని కావలసియే యున్నవి. దొరకినదెల్ల పొయ్యిలో వేయుటవలన ఇంటి స్త్రీల కన్నులును ఊపిరితిత్తులును చెడుటయే గాక, పొలమునకు పోవలసిన యెరువును బూడిద యగుచున్నది. కావున నీ విషయమును గూర్చి కొంత వ్రాయుచున్నాము.

కట్టె యెంపిక: బరువైన కట్టె నిదానముగా కాలి నిప్పు నిలుపును. సరుగుడు, నల్లతుమ్మ, సర్కారుతుమ్మ యిట్టివి. బూరుగ, మునగ వంటి తేలిక కట్టెలు త్వరగా కాలిపోవును. నిప్పంటించుటకు కందికట్టె యనుకూలము. పత్తికట్టె విషయమున జాగ్రత్త వలయును. దాని యెండుకాయలలో గులాబిరంగు కాయతొలుచు పురుగు దాఁగియుండి, మరుసటి పైరుమీఁద పడును. కావున కాయలను ముందుగా నేరి కాల్చివేసి, కట్టెను వేసవిలోనే వాడుకొనవలెను. తొలకరివఱకు ఇంటిచెంత కుప్పవేసి యుంచరాదు. గన్నేరుకట్టె పొగ విషము. రంగు పూసిన పాతచెక్కయు పొయ్యికి పనికిరాదు.

ఎండఁబెట్టుట: అప్పుడు కొట్టిన పచ్చికట్టె తూకములో ఇంచుమించు సగము నీరే. ఆ నీటిని ఆవిరి చేయుటకే వేఁడిమి వ్యయమగును, పొగయు హెచ్చును. కట్టెలో తడి నూటికి 20 పాళ్లకు మించరాదు. మాఘ ఫాల్గుణములలో కొట్టి, మణికట్టు లావునకు చీల్చి, జానెడెత్తు ఱాళ్లపై గాలి యాడునట్లు పేర్చి, వేసవి యెండ తగులనిచ్చి, తొలకరికి ముందే చూరు క్రిందికి చేర్పవలెను. కొనలు బీటలువాఱి, రెండు కట్టెలు తాటించినపుడు ఖంగుమని మ్రోగినచో నెండినదని యెఱుఁగవలెను.

పిడకలు: పాలదాలికి పిడక సెగయే తగినది. కాని పేడ కాలినచో దానియందలి నత్రజని గాలిలో కలిసిపోవును. కావున దాలికి చాలినన్ని పిడకలు మాత్రమే చేసికొని, తక్కిన పేడను ఎరువుగుంటకు చేర్పుఁడని మేము చెప్పుచుందుము. గోబరుగ్యాసు తొట్టి గల యింట వంటకు గ్యాసును, చేనికి ఎరువును రెండును దక్కును. కట్టె బూడిదలో పొటాషు కలదు. దానిని పాదులకు వేయవచ్చును. పేడ యెరువులో కలిపినచో నత్రజని నష్టమగును. చౌడునేలకు అది తగదు.

హెచ్చరిక: చలికాలమున బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలో నుంచుకొని నిద్రింపరాదు. దానినుండి వెలువడు విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

సభ్యులు ఈ వేసవిలోనే కట్టెలు చీల్చి పేర్చుకొందురు గాక. వానకాలమున పొయ్యి యూఁదు బాధ యింటివారికి తప్పును.