మా కుక్కకి అందరన్నా బెదురే!
సందేహాలు – సమాధానాలు

సందేహం: మదురై పక్క పల్లె నుంచి చిప్పిపారై ఆడకుక్కను తెచ్చుకున్నాం. ఏడాదిన్నర వయసు. చుట్టాలొస్తే మంచం కిందికి దూరి, వాళ్లు వెళ్లేదాకా రాదు. మా పెంపకంలోనే లోపమా డాక్టరుగారూ?
– ఒక పాఠకురాలు, పీళమేడు, కోయంబత్తూరు

సమాధానం: లోపం మీది కాదమ్మా, కంగారు పడకండి. కుందేళ్ల వేటకు పెంచిన ఈ జాతి ఇంటివాళ్లతో చనువుగా, కొత్తవాళ్లకు దూరంగా ఉండటం మామూలే. పైగా మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా చూడని మనుషులూ వినని చప్పుళ్లూ పెద్దయ్యాక భయపెడతాయి. బయటికి లాగకండి, చుట్టాలను దానికేసి చూడొద్దని చెప్పి, అది తల బయటపెట్టినప్పుడల్లా ఒక కోడిమాంసం ముక్క వేయండి. ఇంట్లో కొత్తవాళ్లెవరూ లేకున్నా వణుకుతూ తిండి మానేసినా, నిన్నటిదాకా ధైర్యంగా ఉన్నది ఉన్నట్టుండి బెదిరినా ఎక్కడో నొప్పి ఉండొచ్చు, వెంటనే చూపించండి.

సందేహం: మా అబ్బాయి కుక్కను ఎజిలిటీ (అడ్డంకులు దాటే ఆట) నేర్పే మైదానానికి తీసుకెళ్తున్నాడు. గొట్టంలో దూరమని తాడు పట్టి లాగితే నేలకి అతుక్కుపోతోంది. ధైర్యం రావాలంటే కొంచెం గట్టిగా ఉండాలంటున్నారు, నిజమేనా?
– ఒక తండ్రి, సింగానల్లూరు

సమాధానం: నిజం కాదండీ. అలా అతుక్కుపోవడం మొండితనం కాదు, ఇక నావల్ల కాదని చెప్పడం; ఆ పూటకి ఇంటికి తెచ్చేయండి. ఈ ఆట 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శన విరామంలో, గుర్రాల దూకుడు పోటీల పద్ధతిలో, జనానికి కాలక్షేపంగా మొదలైంది. దాన్ని ఆటగానే ఉండనివ్వండి. పెద్ద అట్టపెట్టెను రెండువైపులా తెరిచి వాకిట్లో పెట్టి, మీ అబ్బాయిని అవతల కూర్చోమనండి. ముక్కు లోపల పెట్టినా తినడానికి ఏదైనా ఇవ్వాలి, వెనక్కి వెళ్లిపోయినా ఏమీ అనకూడదు. వెళ్లిపోనిస్తారని తెలిసిన కుక్కే మళ్లీ వస్తుంది. తర్వాత నేలమీద పడుకోబెట్టిన కర్ర దాటించండి. ఎత్తు దూకుళ్లు ఎముకలు ఎదిగాకే, పెద్ద జాతులకైతే ఏడాదిన్నర నిండాక. అటూ ఇటూ తూగే పలక చప్పుడు ధైర్యమున్న కుక్కలనే అదరగొడుతుంది, దాన్ని చివరికి ఉంచండి. కప్పుల కోసమే అయితే మాత్రం ఇలాంటి కుక్కను మైదానం ఎక్కించొద్దంటాను నేను.

సందేహం: మా రాజుల ఇళ్లలో తాతల నాటి నుంచీ రాజపాళయం కుక్కలున్నాయి. ఇప్పుడున్న ఐదు నెలల పిల్ల పిలిస్తే తిరగదు, వెనక నుంచి తాకితే ఉలిక్కిపడి అరుస్తుంది. బుద్ధి తక్కువా?
– ఒక పాఠకుడు, రాజపాళయం

సమాధానం: బుద్ధికేం లోటు లేదండీ, చెవి సంగతి చూడాలి. 2005లో తపాలా బిళ్ల మీదికెక్కిన మీ ఊరి జాతికి ఆ తెల్లటి ఒళ్లే అందం, కానీ ఆ తెలుపుతోపాటే కొన్ని పిల్లలకు పుట్టుచెవుడూ వస్తుంది. అది నిద్రపోతుండగా, నేల అదరకుండా, దూరం నుంచి తాళాల గుత్తి ఆడించండి. రెండు మూడుసార్లు చూసినా చెవి కదలకపోతే పరీక్ష చేయించండి. చెవిటిదైనా చేతి సైగలతో అన్నీ నేర్చుకుంటుంది. దాని కంటపడ్డాకే తాకండి, రోడ్డు మీద తాడు విప్పకండి, జత కట్టించకండి.

సందేహం: ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ట్రైనరుది ఇంగ్లీషు. మా కుక్క అందుకే తికమకపడి బెదురుతోందా?
– ఒక గృహిణి, మదురై

సమాధానం: భాషకి బెదరదమ్మా, మన విసుగుకి బెదురుతుంది. ఒకే పనికి మూడు మాటలైతే ఆలస్యంగా అర్థమవుతుంది, ఆలోపు మనం గొంతు పెంచుతాం. మీ నోటికి తేలిగ్గా వచ్చే మాట పెట్టుకోండి. ‘రా’ అయితే ట్రైనరుతో సహా అందరూ ‘రా’ అనాలి. తిట్టడానికి మాత్రం దాని పేరు వాడకండి.

సందేహం: కుక్క తింటుండగా మనవడు దగ్గరికెళితే గుర్రుమంది, కొట్టాం. ఇప్పుడు గుర్రుమనడం మానేసింది, అయినా నాకు భయంగానే ఉంది.
– ఒక అమ్మమ్మ, తిరుమంగళం

సమాధానం: మీ భయం సబబే పెద్దమ్మా, ముందే రాసి మంచిపని చేశారు. గుర్రుమనడం అంటే ముందుగా చెప్పడం. కొడితే ఆ చెప్పడం మానేస్తుంది గానీ దాని భయం పోదు, ఈసారి నేరుగా కరవొచ్చు. అది తినేటప్పుడు బిడ్డను దూరంగా ఉంచండి. ఊరికే పెదవులు నాక్కున్నా, తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూసినా మనవణ్ణి పక్కకి పిలవండి. ఎప్పుడైనా పన్ను దిగితే, చిన్న గీతే అయినా, పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, కుక్కకి టీకా వేయించాం కదా అని ఆగకండి.