వంద షేర్లతో లాభం, రెండు వేలతో నష్టం

ప్రశ్న: ఇంట్రాడేలో వంద షేర్లు కొన్నంతకాలం కాస్త మిగిలేది. రెండు వేలకు పెంచగానే అదే పద్ధతి నష్టాలిస్తోంది. ఎందుకండీ? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఏ షేరో మీరు రాయలేదు. అసలు సంగతి అక్కడే ఉంది. యాప్‌లో మార్కెట్ డెప్త్ తెరవండి. అయిదు కొనుగోలు ధరలు, అయిదు అమ్మకం ధరలు, ఒక్కోదాని ఎదుట ఎన్ని షేర్లున్నాయో కనిపిస్తాయి. 200 రూపాయల దగ్గర 300 షేర్లే అమ్మకానికి ఉంటే, మీ 2,000 షేర్ల మార్కెట్ ఆర్డర్ మిగతావాటిని 200.10కి, 200.25కి, ఆ పైన కొనేస్తుంది. సగటున 20 పైసలు ఎక్కువ పడిందనుకోండి. బయటపడేటప్పుడూ అంతే పోతుంది. షేరుకు 50 పైసల లాభం చూసుకునేవారికి మిగిలేది 10. అందులో ఎస్‌టీటీ పన్నే (అమ్మకం విలువపై 0.025 శాతం) 5 పైసలు తింటుంది. బ్రోకరేజీ ఇంకా లెక్కలోకి రాలేదు!

వంద షేర్లప్పుడు ఈ చిక్కు మీకు కనిపించనే లేదు.

లిమిట్ ఆర్డర్లు వాడండి, విడతలుగా కొనండి. నిఫ్టీ 50లోని షేర్లలో లావాదేవీలు ఎక్కువ కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. స్టాప్‌లాస్ ఉందిగా అని ధీమా వద్దు. ధర ఒక్కసారిగా జారితే అనుకున్న చోట అమ్ముడుపోదు.

అరువు సంగతీ చూసుకోండి. అయిదు రెట్ల మార్జిన్‌తో 80 వేల రూపాయలకే 4 లక్షల విలువైన షేర్లు వస్తాయి, నిజమే. రెండు శాతం పడితే 8,000 పోతుంది, అంటే మీ డబ్బులో పదో వంతు. 2022-23లో ఇంట్రాడే చేసిన ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారని సెబీ అధ్యయనమే చెప్పింది. అందుకే ముందు 200 షేర్లకి పెంచి, కొన్ని వారాల లెక్క చూడండి.