ఏరిన పాటలు, వదిలిన పాటలు
(ఒక సంకలన ఆల్బం మీద శ్రోతల అభిప్రాయాల పరిశీలన)

మన విద్యార్థి మిత్రుల్లో పాటలు వినని వాళ్ళు లేరు. కాని విన్నదాని మీద అభిప్రాయం చెప్పమంటే "అదిరింది", "తేలిపోయింది" అన్న రెండు మాటలతో సరిపెట్టేవాళ్ళే ఎక్కువ. ఒక పాట సంగతి అయితే ఫరవాలేదు. ఒక బృందం యిరవై యేళ్ళపాటు కట్టిన పాటల్లోంచి కొన్నిటిని ఏరి, వరుస పెట్టి అమ్మిన సంకలనం మీద అభిప్రాయం చెప్పవలసి వచ్చినప్పుడు ఆ రెండు మాటలూ చాలవు. అక్కడ పాట బాగుందా అన్నది ప్రశ్న కాదు. పాటలన్నీ శ్రోతలు ముందే విన్నవి, మెచ్చినవి. ఏది ఏరారు, ఏది వదిలారు, దేన్ని ముందు పెట్టారు అన్నదే అక్కడ తగాదా.

యీ తగాదా మనకేమీ కొత్త కాదు. 78 తిరుగుళ్ళ రికార్డుల కాలంలో ఒక్కో పక్క మూడు నిమిషాలకి కాస్త అటూ యిటూగా ఒక్క పాటే పట్టేది కనుక ఏరుకోవటం అనే సమస్య లేదు. క్యాసెట్లు వచ్చాక, 1980ల్లో ప్రతి వాడూ ఒక సంకలనకర్త అయ్యాడు. ఖాళీ క్యాసెట్టు, దానితో పాటు పాటల పట్టీ రాసిన కాగితం యిస్తే రికార్డింగు షాపులో నింపి యిచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టులో పక్కకి ముప్ఫై నిమిషాలు. ఏడు పాటలు పట్టే చోట ఎనిమిదో పాట యిరికిస్తే పల్లవి అయ్యేసరికి టేపు అయిపోయేది. అన్నకి నచ్చిన పాట వుంచాలా, చెల్లెలికి నచ్చింది వుంచాలా అని యింట్లో పేచీలు వచ్చేవి. ఆ పేచీనే సముద్రాల అవతల పెద్ద ఎత్తున జరిగింది. దాన్ని పాఠంగా తీసుకుందాం.

ఫిన్లాండు దేశంలో కిటే అనే చిన్న వూరు వుంది. 1996లో అక్కడ టుయోమస్ హోలొపైనెన్ అనే కీబోర్డు వాద్యకారుడు "నైట్‌విష్" అనే బృందం మొదలుపెట్టాడు. (మన నెల్లూరు బాలు టీవీలో "పాడుతా తీయగా" మొదలుపెట్టింది కూడా ఆ యేడే.) వీళ్ళ సంగీతాన్ని సింఫనిక్ మెటల్ అంటారు. గరగరలాడే ఎలక్ట్రిక్ గిటార్లు, ఉరుము లాంటి డ్రమ్ములు ఒక వంక, వయొలిన్లు, బాకాలు, బృందగానంతో సింఫనీ వాద్యబృందం మరో వంక, వీటి మీద తేలే స్త్రీ కంఠం. కొడవలూరు నుంచి నెల్లూరికి బస్సులో వచ్చే కుర్రవాడు దీన్ని చెవిలో పెట్టుకుని వింటుంటే, పక్కసీటు పెద్దాయన "ఏందబ్బయా ఆ గోల?" అనటం సహజమే. కాని సినిమా పాట వెనక నలభై, యాభై వయొలిన్లు మోగటం మనకి అలవాటే కదా. గిటారు గరగర ఒక్కటి చెవికి పడితే మిగతాది పరాయిగా వుండదని నా నమ్మకం.

యీ బృందంలో ముగ్గురు గాయనులు మారారు. మొదటి ఆమె టార్యా తురునెన్. ఒపెరా శిక్షణ వున్న గొంతు. 2005 అక్టోబరులో హెల్సింకిలో పెద్ద కచేరీ ముగిసిన వెంటనే బృందం ఆమెను బహిరంగ లేఖతో తొలగించింది. తర్వాత అనెట్ ఓల్జన్ వచ్చి 2007లో, 2011లో రెండు ఆల్బములు పాడింది. ఆమెది ఒపెరా గొంతు కాదు, తేలికైన పాప్ బాణీ. 2012లో అమెరికా పర్యటన మధ్యలో ఆమె వెళ్ళిపోతే ఫ్లోర్ యాన్సెన్ వచ్చి నిలబెట్టింది, 2013లో ఆమెనే ఖాయం చేశారు. 2018 మార్చి 9న "డికేడ్స్" అనే సంకలనం రెండు డిస్కుల్లో 22 పాటలతో వెలువడింది. దాని విశేషం, వరుస తలకిందులుగా వుండటం. కొత్త పాటలు ముందు, పాతవి వెనక. 2015 నాటి సుమారు యిరవై నాలుగు నిమిషాల పాటతో మొదలై, 1996లో బృందం పేరు మీదనే చేసిన నమూనా రికార్డింగుతో ముగుస్తుంది.

దీని మీద శ్రోతల మాటలు మూడు నాలుగు రకాలు. ఉన్న పాటలే మళ్ళీ అమ్ముతున్నారు, కొత్తది ఒక్కటీ లేదన్నది మొదటిది. ఇది ప్రతి సంకలనం మీదా వచ్చేదే, దీన్ని గురించి చెప్పేది పెద్దగా లేదు. నాకిష్టమైన పాట ఏది అన్నది రెండవది. యిందులో కొంత న్యాయం వుంది. 2000లో వచ్చిన "విష్‌మాస్టర్" ఆల్బంలోని వేరే పాటలు తీసుకుని, ఆ పేరు గల పాటనే వదిలేశారు. బృందం కట్టని, వేరొకరి దగ్గర తీసుకుని 2001లో పాడిన "ఓవర్ ది హిల్స్ అండ్ ఫార్ అవే" కూడా లేదు. సొంత కలం నుంచి వచ్చినవే వుంచాలన్న పట్టుదల యెంపిక చేసినవాడికి వుండి వుండవచ్చు. అయితే శ్రోతకి పాట ఎవరు కట్టారన్నది తర్వాతి మాట, తను ఏ వయసులో విన్నాడన్నది ముందు మాట.

అసలు గొడవ మూడవదాని దగ్గర వుంది: గాయనుల వాటా. పాత అభిమానులు "మా టార్యాని వెనక్కి నెట్టారు" అంటారు. కొత్తవాళ్ళు "ఎంతసేపూ పాత పాటలేనా, ఫ్లోర్‌కి మూడే పాటలా?" అంటారు. రెండు వాదనలూ వినటానికి బాగానే వుంటాయి. ఇటువంటప్పుడు విద్యార్థి చెయ్యవలసిన పని, ఆవేశం పక్కన పెట్టి కాగితం మీద లెక్క వెయ్యటం.

22 పాటల్లో టార్యా కాలం నాటివి 15, అనెట్‌వి 4, ఫ్లోర్‌వి 3. పైకి చూస్తే ఫ్లోర్‌కే అన్యాయం జరిగినట్టు వుంటుంది. కాని అప్పటికి బృందం తెచ్చిన ఆల్బములు ఎనిమిది. అందులో టార్యాతో అయిదు, అనెట్‌తో రెండు, ఫ్లోర్‌తో ఒక్కటే. చిన్న రికార్డుల్లోవి కూడా కలుపుకుని భాగిస్తే టార్యాకి ఆల్బముకి మూడు, ఫ్లోర్‌కి మూడు, అనెట్‌కి రెండు. నిమిషాల్లో చూస్తే ఫ్లోర్ మూడు పాటలే అరగంట దాటుతాయి. అంటే తగ్గింది ఎవరికయ్యా అంటే, ఎవరూ పోట్లాడని మధ్య ఆమెకి! పాతవాళ్ళకి ఆమె టార్యా స్థానం ఆక్రమించిన మనిషి, కొత్తవాళ్ళకి ఫ్లోర్ రాకముందు గడిచిన కొన్నేళ్ళు. ఆమె తరఫున కాగితం పట్టుకున్న వాళ్ళు తక్కువ.

ఇక వరుస సంగతి. మొదటి ఏడు పాటలు ఫ్లోర్‌వీ, అనెట్‌వీ అయ్యాక ఎనిమిదో పాట "నీమో"తో గాని టార్యా గొంతు వినిపించదు. పాత శ్రోత దాదాపు గంటసేపు ఎదురు చూడాలి. ఆ తర్వాత రెండో డిస్కు మొత్తం ఆమెదే. కొత్తగా వినేవాడికి మాత్రం నది సముద్రం దగ్గర మొదలుపెట్టి ఎగువకి నడిచినట్టుంటుంది. పెన్నని ఊటుకూరు దగ్గర చూసి, తర్వాత సోమశిల దాకా వెళ్ళినట్టు అనుకోండి. నా మటుకు నాకు యీ వరుస మంచిదనే తోస్తుంది. ఎందుకంటే చివరన వచ్చే ఆ పచ్చి నమూనా పాట, మొదట పెట్టి వుంటే నవ్వొచ్చేది. అన్నీ విన్నాక వస్తే, యింతకీ యిక్కడి నుంచా బయల్దేరారు అనిపిస్తుంది.

యిప్పుడు మన వైపు చూడండి. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల గారు పోయారు. పెద్ద హీరోలకి ఆ గొంతు అలవాటైన ప్రేక్షకులకి పెద్ద లోటు వచ్చింది. బాలు అప్పటికే 1966 నుంచి పాడుతున్నా, ఘంటసాల కుర్చీలో కుర్రవాడేమిటన్న మాట తప్పలేదు. 1977 "అడవిరాముడు", 1981 "ప్రేమాభిషేకం" తర్వాత గాని ఆ మాట సద్దుమణగలేదు. అయితే యీ ఇద్దరి మధ్య వి. రామకృష్ణ గారున్నారు. "ముత్యాలముగ్గు" (1975), "భక్తకన్నప్ప" (1976) పాటలు విన్నవాళ్ళు ఆయన్ని తక్కువ చెయ్యలేరు. కాని యిద్దరు దిగ్గజాల అభిమానులు వాదులాడుకునే చోట ఆయన పేరు ఎవరెత్తుతారు? పాత పాటల పట్టీ రాయమంటే ఘంటసాల నుంచి బాలుకి ఒక్క గంతు వేస్తాం. అనెట్ సంగతి, ఈయన సంగతి ఒకటి కాదు. ఆయన్ని ఎవరూ ఎవరి స్థానంలోనూ లేఖ రాసి కూర్చోబెట్టలేదు. అయినా వినేవాళ్ళ జ్ఞాపకం రెండు చోట్లా ఒక్కలాగే నడిచింది.

మన హాస్టలు మిత్రులు ఒక పని చెయ్యవచ్చు. ఒక్కొక్కరూ అరవై నిమిషాలకి పాటల పట్టీ రాయండి. పేరు రాయకుండా డబ్బాలో వేసి, తర్వాత గాయకుల వారీగా, సంవత్సరాల వారీగా లెక్కపెట్టండి. ఏ పాట ఎన్నిసార్లు వచ్చిందన్నది కాదు చూడవలసింది. ఏ సంవత్సరాలు పూర్తిగా ఖాళీగా వున్నాయో చూడండి.

"డికేడ్స్" లెక్క కూడా యిప్పుడు పాతబడింది. తర్వాత 2020లో, 2024లో బృందం మరి రెండు ఆల్బములు తెచ్చింది. ఫ్లోర్‌వి మూడయ్యాయి. మరో సంకలనం వేస్తే కొత్తవాటికి చోటు కావాలి. 22 పాటల్లో ఏవి తీస్తారో గాని, అనెట్‌వి నాలుగే వున్నాయి మరి.