చేతినొప్పి అని మాత్రం రాయకు

శ్రావణీ,

నీ ఉత్తరం అందింది. గాత్రం పాడేవాళ్ళు నీ పేరు వినగానే మృదంగానికి ఇంకొకరిని చూసుకుంటున్నారనీ, చేతినొప్పని చెప్పి కచేరీలు మానేస్తాననీ రాశావు. మానడం సంగతి తరవాత. ఆ చేతినొప్పి మాటే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

స్పెయిన్‌లో క్రిస్టినా సాంచెజ్ అని ఎద్దులతో పోరాడిన ఒకామె. ఎద్దుల్ని పొడిచి చంపే ఆ ఆట నాకు గిట్టదు. అయినా ఆమె సంగతి చదివాక మరిచిపోలేకపోయాను. మొదట్లో పార్లర్లో జుట్టు కత్తిరించింది, మంటలార్పే సిలిండర్ల ఫ్యాక్టరీలో పనిచేసింది. తండ్రిదీ ఆ ఎద్దుల బరే. ఎద్దు మూపున రంగు కాగితాలు చుట్టిన బల్లేలు గుచ్చే పని ఆయనది. 1996 మే 25న ఫ్రాన్స్‌లోని నీమ్‌లో, ఎద్దును చంపే మటడోర్లలో కుర్రో రొమేరో అంతటివాడు ఆమెకు కత్తీ ఎర్రగుడ్డా అప్పగించి పూర్తిస్థాయి మటడోర్‌ని చేశాడు. ఐరోపా గడ్డ మీద ఆడపిల్లకు ఆ పట్టం దక్కడం అదే మొదలు.

ఆమెను ఆపింది ఎద్దు కాదమ్మా. మామూలుగా సాయంత్రానికి ముగ్గురు మటడోర్లు, ఆరు ఎద్దులు. పోస్టర్ మీద మూడు పేర్లుండాలి. ఆమె పేరు పక్కన తమ పేరు వద్దన్నారు కొందరు మగవాళ్ళు. 1999లో తప్పుకుంది. తప్పుకుంటూ మోకాలినొప్పి అనలేదు, పెళ్ళి అనలేదు. మగవాళ్ళు నాతో కలిసి దిగడం లేదు, అందుకే వెళ్తున్నానని బాహాటంగా చెప్పింది.

అన్నట్టు, వేళకు తింటున్నావా? అక్షరాలు నీరసంగా ఉన్నాయి తల్లీ.

నా వయొలిన్ రోజుల్లో శ్రీరామనవమి పందిట్లో కచేరీకి రమ్మని, తీరా వెళ్ళాక నా చోట మగపిల్లాణ్ణి కూర్చోబెట్టారు. మీ తాతగారు పరువు కోసం నాకు జ్వరమని చెప్పారు. ఊరంతా నమ్మింది. నిమ్మకాయలు, బత్తాయిలు పట్టుకొచ్చి మరీ పరామర్శించారు! మరుసటేడు అదే పందిట్లో ఇంకో పిల్లకు అదే జరిగింది. ఆ పిల్లకు నా సంగతి చెప్పినవాళ్ళు లేరు.

మృదంగం ఆడవాళ్ళది కాదనే మాటకు జవాబు మన మృదంగ విద్వాంసురాలు దండమూడి సుమతిగారే. 2021లో పద్మశ్రీ వచ్చింది ఆవిడకు. నీ చెయ్యి ఎంత మంచిదో నాకు తెలుసు.

మానేస్తే మానెయ్యి, నిన్నొక్క మాట అనను. కానీ సంగీత సభ కార్యదర్శికి రాసే కాగితంలో ఎవరు వద్దన్నారో, ఏ కచేరీకో, తేదీలతో సహా ఉన్నదున్నట్టు రాయి. పంపేముందు నాకొకసారి చూపించు.

మీ పెద్దమ్మ